సంఘంలో ముందే డబ్బు కట్టి కొన్న క్రెడిట్లు: పోకుండా చూసుకోవడం ఎలా, పోతే రాబట్టుకోవడం ఎలా

మార్చి నెలాఖరు దాటిందంటే నాకు ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "సర్, నిన్న రాత్రి దాకా పోర్టల్‌లో 7 క్రెడిట్లు ఉన్నాయి, పొద్దున లాగిన్ అయితే సున్నా. ఇప్పుడేం చేయాలి?" అడిగేవాళ్లలో ఫిజియోథెరపిస్టులు, ఆర్కిటెక్టులు, అనువాదకులు, ట్యాక్స్ ప్రాక్టీషనర్లు, డెంటిస్టులు అందరూ ఉన్నారు. సంఘం పేరు మారుతుంది గానీ జరిగేది అదే. వర్క్‌షాపులకో, వెబినార్లకో, లైబ్రరీ నుంచి పేపర్లు దించుకోవడానికో వృత్తి సంఘం క్రెడిట్ల ప్యాక్ అమ్ముతుంది; ఒక్కోదానికి ఇన్ని క్రెడిట్లని ఖాతాలోంచి ఖర్చవుతాయి. డబ్బు ముందే తీసుకుంటుంది. ఏడాది తిరిగేసరికి వాడనివి రద్దు చేస్తుంది.

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక వరసగా రాసి పెడుతున్నాను. నేను లాయర్ని కాను. రెండుసార్లు ఇలా పోగొట్టుకుని, రెండోసారి చాలావరకు రాబట్టుకుని, ఆ తర్వాత ఒక సంఘం కమిటీలో కూర్చుని ఇదే రూలు నేనే రాయాల్సి వచ్చినవాణ్ని. మొత్తం పెద్దదైతే లాయర్‌ని కలవండి.

1. మీ దగ్గరున్నది ఏ క్రెడిట్టో ముందు తేల్చుకోండి

సగం గందరగోళం ఈ మాటతోనే వస్తుంది. డాక్టర్లకు సీఎంఈ క్రెడిట్ అవర్లు, సీఏలకు సీపీఈ గంటలు ఉంటాయి (రెండూ వృత్తిలో ఉంటూనే కొనసాగించే చదువు). అవి మీరు హాజరైనదానికి పడే లెక్క. వైద్యులకు ఐదేళ్లలో కనీసం 30 గంటలు అని 2002 నాటి వృత్తి నియమాల్లో రాసింది ఈ రకం గురించే. వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు. డబ్బు పెట్టి కొని, తర్వాత వాడుకుందామని ఖాతాలో ఉంచుకున్నవే మన విషయం.

అందులోనూ మూడు రకాలు కలిసిపోయి ఉంటాయి:

□ మీరు డబ్బిచ్చి కొన్నవి
□ "10 కొంటే 2 ఉచితం" లాంటి బోనస్
□ మెంబర్‌షిప్ ఫీజుతో పాటే ఏడాదికి ఇన్ని అని ఇచ్చినవి

మొదటిదాని మీద మీకు గట్టి పట్టు ఉంటుంది. రెండోదాని మీద దాదాపు ఉండదు. మూడోది మధ్యలో వేలాడుతుంది. మెంబర్‌షిప్ కాలం అయిపోతే అదీ అయిపోతుందంటే కాదనడం కష్టం.

చిక్కేమిటంటే పోర్టల్‌లో మూడూ కలిపి ఒకే అంకెగా కనిపిస్తాయి. నా సంగతే చెప్తాను. 10 కొన్నాను, 2 బోనస్ వచ్చాయి, 5 వాడాను, 7 మిగిలాయి. బోనస్ ముందు ఖర్చయిందని లెక్కేస్తే మిగిలిన 7 కూడా నా డబ్బే. కొన్నవి ముందు ఖర్చయ్యాయంటే నా డబ్బు 5 మాత్రమే, మిగతా 2 బోనస్. ఆ వరస టర్మ్స్‌లో ఎక్కడా లేదు. ఇలాంటి చోట సంఘం తనకు కలిసొచ్చే లెక్కే వేస్తుంది. అందుకని మొదటి పనిగా రసీదులన్నీ ముందేసుకుని, ఏ తేదీన ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి అని ఒక కాగితం మీద రాసుకోండి. పోర్టల్‌లో లావాదేవీల చిట్టా లేకపోతే మెయిల్ పెట్టి అడగండి.

2. కొనేముందు చేయాల్సిన పని

ప్యాక్ చవక అనిపించడం సహజం. విడిగా ఒక క్రెడిట్ రూ. 1,250, ప్యాక్ రూ. 12,000కి 12 వస్తాయి అనుకుందాం. విడిగా 12 కొంటే రూ. 15,000, కాబట్టి రూ. 3,000 మిగులు. కాగితం మీద అంతే.

ఇప్పుడు అదే లెక్క తిరగేయండి. తొమ్మిది మాత్రమే వాడితే విడిగా కొన్నా రూ. 11,250తో అయిపోయేది. అంటే పదోది వాడేదాకా ప్యాక్ మీకు నష్టమే. పోయినేడు మీరు నిజంగా హాజరైనవి ఎన్ని? డైరీ చూడండి, ఉత్సాహాన్ని నమ్మకండి. నాకు అయిదు దాటిన ఏడాది లేదు.

డబ్బు కట్టేముందు వీటికి జవాబులు రాతలో తీసుకోండి:

□ గడువు ఎప్పటినుంచి? కొన్న రోజు నుంచి 12 నెలలా, మార్చి 31కి అందరికీ ఒకేసారా?
□ మెంబర్‌షిప్ రెన్యువల్ ఆలస్యమైతే క్రెడిట్లు ఉంటాయా, ఆగుతాయా, పోతాయా?
□ సంఘమే ప్రోగ్రామ్ రద్దు చేస్తే క్రెడిట్ వెనక్కి వేస్తారా? వేస్తే గడువు కూడా పెంచుతారా?
□ ఒక వర్క్‌షాప్‌కి ఇప్పుడు 1 క్రెడిట్ అంటే మధ్యలో 2 చేయొచ్చా?
□ వేరే సభ్యుడికి బదిలీ చేయొచ్చా?
□ బోనస్, కొన్నవి: ఏవి ముందు ఖర్చవుతాయి?
□ గడువు దగ్గర పడుతోందని మెయిల్ పంపుతారా, ఎన్ని రోజుల ముందు?

నాలుగో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. గడువు ఏమీ మార్చకుండానే మీ క్రెడిట్ విలువ సగం చేసేయడానికి అదే దారి.

మార్చి 31 పద్ధతి ఉన్న చోట జనవరి 15న కొన్నవారికి రెండున్నర నెలలు దొరుకుతాయి. ఏప్రిల్ 2న కొన్నవారికి దాదాపు ఏడాది. ధర మాత్రం ఇద్దరికీ ఒకటే. డిసెంబర్ తర్వాత అలాంటి ప్యాక్ కొనకండి, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే.

కొన్న రోజునే టర్మ్స్ పేజీని పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోండి. ఆరు నెలల తర్వాత ఆ పేజీ మారిపోయి ఉండొచ్చు. అప్పుడు పాత షరతులు ఇవీ అని చూపించగలిగేది మీ దగ్గరున్న కాపీ ఒక్కటే.

3. ఈ గడువు న్యాయమైనదేనా? ఇలా పరీక్షించండి

గడువు పెట్టారు కాబట్టి మోసం అనేవాళ్లతో నేను ఏకీభవించను. హాలు ముందే బుక్ చేయాలి, ఫ్యాకల్టీకి అడ్వాన్స్ ఇవ్వాలి, ఎంతమంది వస్తారో అంచనా కావాలి. పదేళ్ల కిందటి ధరకు కొన్న క్రెడిట్ పట్టుకుని ఇవాళ్టి వర్క్‌షాప్‌కి వస్తానంటే సంఘం నడవదు. అయినా కొన్ని గడువులకు ఏ కారణమూ ఉండదు. తేడా పట్టుకోవడానికి ఇవి చూడండి.

ముందు, గడువు వెనక ఖర్చు ఉందా అన్నది. ఫలానా తేదీ సీటు బస్సు టికెట్ లాంటిది, బస్సు వెళ్లిపోతే అంతే. సర్వర్‌లో పడి ఉన్న రికార్డింగ్‌నో పేపర్‌నో దించుకునే క్రెడిట్ అలా కాదు. మార్చి 31న దించుకున్నా ఏప్రిల్ 1న దించుకున్నా సంఘానికి పైసా తేడా లేదు. అక్కడ గడువు ఎందుకని అడిగితే "మా లెక్కలు మూయాలి" అన్నదొక్కటే జవాబు. లెక్కలు మూయడానికి సభ్యుడి డబ్బు మింగక్కర్లేదు.

రెండోది, వాడుకునే వీలు నిజంగా ఇచ్చారా. ఏడాదిలో 8 ప్రోగ్రాములు పెట్టి 12 క్రెడిట్ల ప్యాక్ అమ్మితే నాలుగు పోవడం ఖాయమని వాళ్లకు ముందే తెలుసు. ఎనిమిదిలో ఆరు హైదరాబాద్‌లోనే పెట్టి, శ్రీకాకుళం సభ్యుడికీ అదే ప్యాక్ అమ్మడం కూడా ఇలాంటిదే. పోయిన ఏడాది కార్యక్రమాల జాబితా తీసి లెక్కపెట్టండి. మీ వాదనలో ఇంతకన్నా బలమైన కాగితం ఉండదు.

మూడోది, చెప్పిన తీరు. డబ్బు కట్టే పేజీలోనే పెద్దగా రాశారా, 14 పేజీల టర్మ్స్‌లో 11వ పేజీలో పెట్టారా? గడువు ముందు గుర్తు చేశారా?

ఈ చివరిదానికి ఒక కొలబద్ద ఉంది. వాలెట్లు, ప్రీపెయిడ్ కార్డుల మీద రిజర్వ్ బ్యాంక్ 2021లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం చివరిసారి డబ్బు వేసిన రోజు నుంచి కనీసం ఏడాది చెల్లుబాటు ఉండాలి. గడువుకు ముందు 45 రోజుల వ్యవధిలో వినియోగదారుణ్ని హెచ్చరిస్తూ ఉండాలి. తన దగ్గరే వాడుకోవడానికి ఒక సంస్థ అమ్మే క్రెడిట్లకు ఈ ఆదేశాలు వర్తించవు. కాబట్టి "ఆర్‌బీఐ రూలు ఉల్లంఘించారు" అని ఉత్తరంలో రాయకండి, ఒక్క వాక్యంలో కొట్టిపారేస్తారు. "వాలెట్ కంపెనీలే ఏడాది ఇచ్చి, 45 రోజుల ముందు నుంచి చెప్పాల్సి ఉండగా, సభ్యుల సంఘం అంతకన్నా తక్కువ ఎందుకిస్తోంది?" అని అడగండి. దీనికి జవాబు చెప్పడం కష్టం.

4. గడువుకు 90 రోజుల ముందు నుంచి

ఈ దశలో పని చేస్తే మిగతా వ్యాసం చదవక్కర్లేదు.

□ 90 రోజులు: మిగిలినవి ఎన్నో చూసి, రాబోయే ప్రోగ్రాముల జాబితాతో పోల్చండి. తర్వాతి ఏడాది ప్రోగ్రాములకు ఇప్పుడే బుక్ చేసుకోనిస్తే చేసేయండి. కొన్ని సంఘాల్లో గడువు బుకింగ్ తేదీకే వర్తిస్తుంది, హాజరు తేదీకి కాదు. ఒకసారి అడిగి నిర్ధారించుకోండి.
□ 60 రోజులు: ఎన్ని వాడలేరో తేలుతుంది. పొడిగింపు కోరుతూ మెయిల్ పెట్టండి.
□ 30 రోజులు: జవాబు రాకపోతే అదే మెయిల్‌కి రిప్లైగా గుర్తు చేయండి. కొత్త మెయిల్ మొదలుపెట్టొద్దు, తేదీల గొలుసు తెగిపోతుంది.
□ 7 రోజులు: బ్యాలెన్స్, గడువు తేదీ, మీ సభ్యత్వ సంఖ్య ఒకే తెరమీద కనిపించేలా స్క్రీన్‌షాట్. గడువు దాటాక ఆ పేజీ సున్నా చూపిస్తుంది.

పొడిగింపు మెయిల్ ఇంతే చాలు:

"కార్యదర్శి గారికి నమస్కారం. నా సభ్యత్వ సంఖ్య ____. ____ తేదీన రూ. ____ చెల్లించి 10 క్రెడిట్లు కొన్నాను. నేటికి ____ మిగిలాయి. మార్చి 31లోగా ప్రకటించిన ప్రోగ్రాముల్లో నా విభాగానికి సంబంధించినవి ____ మాత్రమే ఉన్నందున మిగతావి వాడుకోవడం కుదరదు. దయచేసి వీటి గడువు ఆరు నెలలు పొడిగించండి, లేదా రాబోయే రెన్యువల్ ఫీజులో సర్దుబాటు చేయండి. ____ తేదీలోగా మీ నిర్ణయం తెలియజేయగలరు."

సొంత కష్టాల చిట్టా పెట్టకండి. ఆస్పత్రిలో ఉన్నారంటే ఒక వాక్యం, డిశ్చార్జ్ సమ్మరీ చాలు. "బిజీగా ఉండి కుదరలేదు" అని మాత్రం అస్సలు రాయొద్దు. తప్పు మీదేనని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

5. పోయాక: ముందు కాగితాలు, తర్వాత మాటలు

మొదటిసారి నేను చేసిన తప్పు ఫోన్ చేయడం. ఆఫీసులో ఫోన్ ఎత్తినావిడ పాపం మర్యాదగానే మాట్లాడారు. "సిస్టమే ఆటోమేటిగ్గా తీసేస్తుందండీ, మా చేతుల్లో ఏం లేదు. సెక్రటరీ గారికి చెప్తాను" అన్నారు. చెప్పారో లేదో నాకు తెలీదు. ఆ ఫోన్ జరిగిందనడానికి నా దగ్గర ఆధారమే లేదు. రెండోసారి ఫోన్ ముట్టుకోలేదు.

మొదటి వారంలో ఫోల్డర్‌లో చేర్చాల్సినవి:

□ చెల్లింపు రసీదు లేదా ట్యాక్స్ ఇన్వాయిస్, బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఆ లైను
□ కొన్న నాటి టర్మ్స్ పీడీఎఫ్
□ ప్యాక్ అమ్మినప్పటి మెయిల్, వాట్సాప్ ప్రకటన
□ గడువుకు ముందు, తర్వాత స్క్రీన్‌షాట్లు
□ ఆ ఏడాది ప్రోగ్రాముల జాబితా, రద్దైనవాటి నోటీసులు
□ మీరు పంపిన మెయిళ్లు, వచ్చిన జవాబులు
□ సంఘం బైలా (నియమావళి) కాపీ

తర్వాత ఉత్తరం. మెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో కూడా పంపండి, రసీదు దాచండి. మూడు సంగతులే ఉండాలి: ఏం కొన్నారు, ఎందుకు వాడుకోలేకపోయారు, ఏం కావాలి. కావాల్సినదాన్ని వరసపెట్టి రాయండి: మొదట క్రెడిట్ల పునరుద్ధరణ, కాదంటే రెన్యువల్‌లో సర్దుబాటు, అదీ కాదంటే వాపసు. కమిటీలకు నగదు వెనక్కివ్వడం ప్రాణం మీదికొస్తుంది, క్రెడిట్లు తిరిగి వేయడం ఒక క్లిక్ పని. వాళ్లకు తేలికైన దారి ముందు చూపించండి. జవాబుకు 15 రోజులు గడువివ్వండి.

నా 7లో 5 ఇలాగే వెనక్కొచ్చాయి. బోనస్ 2 మాత్రం ఇవ్వలేం అన్నారు, నేనూ పట్టుబట్టలేదు.

6. వాళ్లనే మాటలు, మీరు చెప్పాల్సిన జవాబులు

"నాన్ రిఫండబుల్ అని టర్మ్స్‌లో ఉంది, మీరు టిక్ కొట్టారు." అన్నిసార్లూ ఆ టిక్‌తో కథ ముగియదు. 2019లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు, బిల్డర్ రాసుకున్న ఏకపక్ష షరతులు కొనుగోలుదారును కట్టిపడేయవని చెప్పింది. అది ఫ్లాట్ కేసు. సంఘాల క్రెడిట్లకు అదే వర్తిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు గానీ, "సంతకం పెట్టావు కాబట్టి నోరు మూసుకో" అనడానికి వీల్లేదని చూపించడానికి పనికొస్తుంది.

"మీ డబ్బు మీద జీఎస్టీ కట్టేశాం, వెనక్కి ఇవ్వలేం." ఇది విని చాలామంది ఆగిపోతారు. ఆగక్కర్లేదు. అడ్వాన్స్ తీసుకుని సేవా ఇవ్వక, ఇన్వాయిసూ ఇవ్వకపోతే జీఎస్టీ చట్టంలో రీఫండ్ వోచర్ (అడ్వాన్స్ వెనక్కిచ్చినట్టు రాసిచ్చే పత్రం) అనేది ఉంది. ఇన్వాయిస్ ఇచ్చేసి ఉంటే క్రెడిట్ నోట్ (ఆ ఇన్వాయిస్ మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే పత్రం) ఉంది. అయితే పన్ను సర్దుబాటుకు క్రెడిట్ నోట్ ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30లోగా, అంతకన్నా ముందే వార్షిక రిటర్న్ వేస్తే అప్పటిలోగా, లెక్కలోకి రావాలి. అందుకని ఏప్రిల్‌లో పోయినవాటి గురించి దీపావళి దాకా ఆగకండి. ఆ తేదీ దాటినా అసలు మొత్తం ఇవ్వడానికి అడ్డేమీ లేదు. రూ. 12,000 మీద 18 శాతం పన్ను కలిపి రూ. 14,160 కట్టారనుకోండి, కనీసం పన్ను పోగా మిగిలినదానికి పట్టుబట్టండి.

"మాది లాభాపేక్ష లేని సంఘం." సంతోషం. డబ్బు తీసుకుని సేవ ఇచ్చేటప్పుడు ఆ మాట కవచం కాదు.

"మీకిస్తే అందరికీ ఇవ్వాలి." ఇది నిజంగా వాళ్ల భయం. దీనికి జవాబు: "అవునండీ, అందుకే ఒక రూలు చేయమంటున్నాను." ఇక్కడే విషయం జనరల్ బాడీకి వెళ్తుంది.

7. జనరల్ బాడీలో లేవనెత్తడం

వేదిక ముందు లేచి "నా రూ. 6,000 పోయాయి" అంటే నవ్వులాటగా మారుతుంది. అజెండాలో అంశంగా చేర్చమని బైలాలో చెప్పినన్ని రోజుల ముందు రాతపూర్వకంగా ఇవ్వండి. నలుగురైదుగురు సభ్యులతో కలిసి సంతకాలు పెట్టండి. అడగాల్సినవి నాలుగే:

□ గత మూడేళ్లలో ఎన్ని క్రెడిట్లు అమ్మారు?
□ వాటిలో ఎన్ని వాడారు?
□ ఎన్ని గడువు దాటి రద్దయ్యాయి?
□ రద్దైనవాటి డబ్బు ఆడిట్ రిపోర్ట్‌లో ఏ పద్దు కింద ఉంది?

నాలుగోదే కీలకం. ముందే తీసుకున్న డబ్బు, సేవ ఇచ్చేదాకా సంఘం తీర్చాల్సిన బాకీ. పెద్ద కంపెనీల లెక్కల ప్రమాణం ఇండ్ ఏఎస్ 115 ఇలాంటి వాడని హక్కుల మీద వచ్చే రాబడికి "బ్రేకేజ్" అని పేరే పెట్టి, దాన్ని ఎప్పుడు ఆదాయంగా చూపించాలో చెప్పింది. చిన్న సొసైటీలకు ఆ ప్రమాణం వర్తించకపోవచ్చు. కానీ ట్రెజరర్ లేచి "ఈ ఏడాది రద్దైన క్రెడిట్ల ద్వారా ఇంత వచ్చింది" అని నోటితో చెప్పాల్సి వస్తే సభలో వాతావరణం మారిపోతుంది. ఆ అంకె పెద్దదైతే, సభ్యులు వాడుకోకపోవడం మీదే సంఘం బతుకుతోందన్నమాట.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సొసైటీగా నమోదైన సంఘమైతే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ కింద, సంఘం వ్యవహారాల మీద వివాదాన్ని సభ్యుడు ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు) తీసుకెళ్లొచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయొచ్చు. ఆరు వేల కోసం జిల్లా కోర్టుకు వెళ్లమని నేను చెప్పను. ఆ సెక్షన్ ఉందని ఉత్తరంలో ఒక ముక్క రాయడం వేరు.

పార్లమెంటు చట్టంతో ఏర్పడ్డ వృత్తి సంస్థ అయితే మరో దారి: రూ. 10 ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేసి ఇవే నాలుగు ప్రశ్నలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

8. బయటికి వెళ్లాల్సి వస్తే

మొదట 1915. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. వాళ్లు ఆదేశాలు ఇవ్వలేరు, సంఘానికి మీ ఫిర్యాదు పంపి జవాబు రాబట్టడానికి చూస్తారు. చాలా చిన్న గొడవలు ఇక్కడే తేలుతాయి. ఫిర్యాదు నంబర్ రాసుకోండి.

తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్:

□ చెల్లించిన మొత్తం రూ. 50 లక్షల దాకా జిల్లా కమిషన్‌లోనే. రూ. 5 లక్షల దాకా ఫీజు లేదు.
□ మీరు ఉండే చోట, లేదా పని చేసే చోట వేయొచ్చు. సంఘం ఆఫీసు ఢిల్లీలో ఉన్నా విజయవాడ సభ్యుడు విజయవాడలో వేసుకోవచ్చు.
□ ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా.
□ కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోగా. గడువు తేదీ నుంచే లెక్కపెట్టుకోండి, వాళ్లు కాదన్న రోజు నుంచి కాదు.
□ మీలాంటివాళ్లు చాలామంది ఉంటే కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు.

టర్మ్స్‌లో ఆర్బిట్రేషన్ అని ఉందని వెనకాడకండి. అది వినియోగదారుల కమిషన్‌కు అడ్డు కాదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

ఒక మెలిక ఉంది. ఆ షరతే అన్యాయమైన ఒప్పందం, దాన్నే కొట్టేయండి అని కోరితే అది జిల్లా కమిషన్ పరిధి కాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. సేవలో లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని డబ్బు అడిగితే జిల్లా చాలు. ఏది అడుగుతున్నారో ఫిర్యాదులో స్పష్టంగా ఉండాలి. ఇక్కడ కలగాపులగం చేస్తే మొదటి వాయిదాలోనే ఇరుక్కుంటారు.

ఎదుటివాళ్లు వేయగల రెండు ఎత్తులూ తెలిసుండాలి. "ఇది వృత్తి కోసం కొన్నారు, వ్యాపార అవసరం, మీరు వినియోగదారులే కాదు" అంటారు. మీరు సొంతంగా ప్రాక్టీస్ చేసుకుని బతికేవారని, కొన్నది మీ సొంత చదువు కోసమని చూపించే కాగితాలు పెట్టండి. ఆస్పత్రో ఫర్మో పేరు మీద ఇన్వాయిస్ ఉంటే ఇక్కడ ఇబ్బందే. రెండోది, చట్టబద్ధంగా పరీక్షలు పెట్టే బోర్డు సేవ అమ్మడం లేదని 2009లో బిహార్ స్కూల్ ఎగ్జామినేషన్ బోర్డు కేసులో తీర్పు ఉంది. మీది పరీక్ష ఫీజు తరహా క్రెడిట్ అయితే దాన్ని ముందుకు తెస్తారు.

తీర్పు మూడు నెలల్లో ఇవ్వడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. అంతకన్నా ఎక్కువే పడుతుందనుకుని దిగండి.

అమెరికా, బ్రిటన్‌లలోని మనవాళ్లు కూడా అడుగుతుంటారు. అమెరికాలో 2009 కార్డ్ చట్టం గిఫ్ట్ కార్డులకు కనీసం ఐదేళ్లు ఇస్తుంది, కానీ అది వ్యక్తిగత, కుటుంబ అవసరాల కార్డులకు; వృత్తి సంఘం ట్రైనింగ్ క్రెడిట్లకు దాన్ని పట్టుకుని వాదించడం కష్టం. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం కూడా వృత్తి కోసం కొన్నవాళ్లను సాధారణంగా కలుపుకోదు. ఆస్ట్రేలియా కొంత మేలు: అన్యాయమైన షరతుల చట్టం అక్కడ చిన్న వ్యాపారాలకు కూడా వర్తిస్తుంది.

9. ఎక్కువమంది చేసే తప్పులు

గడువు దాటాక కోపంతో రెన్యువల్ ఆపేయడం. అప్పుడు "మీరు సభ్యులే కాదు" అంటారు, జనరల్ బాడీలో మాట్లాడే హక్కూ పోతుంది. గొడవ తేలేదాకా సభ్యత్వం నిలబెట్టుకోండి.

వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ గారిని తిట్టడం. స్క్రీన్‌షాట్లు వాళ్లూ తీస్తారు.

మిగిలిన క్రెడిట్లు పోతాయన్న టెన్షన్‌తో పనికిరాని వెబినార్లకు బుక్ చేసి హాజరు కాకపోవడం. వాడుకున్నట్టు రికార్డవుతుంది, తర్వాత ఏదీ అడగలేరు.

వాళ్లు "గుడ్‌విల్‌గా" ఇచ్చిన 2 క్రెడిట్లను "పూర్తి పరిష్కారంగా అంగీకరిస్తున్నాను" అనే మెయిల్‌కి ఓకే కొట్టి తీసుకోవడం. తీసుకోండి, కానీ "మిగతావాటిపై నా అభ్యర్థన అలాగే ఉంది" అని ఒక వాక్యం చేర్చి పంపండి.

10. మీరే కమిటీలో ఉంటే

కుర్చీ మారగానే రూలు వేరుగా కనిపిస్తుందన్నది నాకు అనుభవమే. మేం కమిటీలో కూర్చుని రాసుకున్నవి ఇవి, మీ సంఘానికి తగ్గట్టు మార్చుకోండి:

□ కొన్న క్రెడిట్లకు కొన్న తేదీ నుంచి 24 నెలలు. బోనస్‌కు 12 నెలలు చాలు.
□ బోనస్ ముందు ఖర్చవుతుంది, రసీదులోనే ఆ మాట ఉంటుంది.
□ 60, 30, 7 రోజుల ముందు మెయిల్, ఎస్సెమ్మెస్.
□ సంఘం ప్రోగ్రామ్ రద్దు చేస్తే క్రెడిట్ వెనక్కి, దానికి మరో ఆరు నెలలు.
□ సభ్యులు ఒకరికొకరు ఇచ్చుకోవచ్చు, ఏడాదికి ఒకసారి.
□ ఒక్కో ప్రోగ్రామ్‌కి క్రెడిట్ల సంఖ్య పెంచితే పాత ప్యాక్ ఉన్నవాళ్లకు పాత రేటే.
□ రద్దైనవాటి మొత్తం ఆడిట్ రిపోర్ట్‌లో విడి లైనుగా.

చివరిదాని మీద, 24 నెలల మీద మా ట్రెజరర్ గారికి మొదట్లో ఒకటే గొడవ. "ఈ బాకీ పుస్తకాల్లో ఎన్నాళ్లు మోయాలి?" అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. చివరికి 24 నెలలు దాటాక మరో 30 రోజుల్లో అడిగినవాళ్లకు, పన్ను పోగా మిగిలింది వాపసు ఇద్దామని, అడగనివాళ్ల డబ్బు విద్యార్థి సభ్యుల ఫీజు సాయానికి వేద్దామని ఒప్పందానికి వచ్చాం. మినిట్స్‌లో ఆ తీర్మానం ఉన్న పేజీని ఫొటో తీసి, ప్యాక్ కొన్న ప్రతి సభ్యుడికీ రసీదుతో పాటే పంపుతున్నాం.